సీనరీ కేలండర్ల కన్యాకుమారి

ఆమదాలవలస స్టేషనులో రైలు దిగి బజారులోకి నడుస్తుంటే, ఒకచోట గుప్పుమని కర్పూరం వాసన కొడుతుంది. ఆ కొట్టు మాదే. పసుపు, కుంకుమ, అగరొత్తులు, వత్తులు, కలశం చెంబులు, పెళ్ళి సామాన్లు అన్నీ దొరుకుతాయి. మా మామగారు రంగనాథం గారు పోయినప్పటి నుంచి గల్లాపెట్టె ముందు కూర్చునేది మా అత్త కన్యాకుమారి. మా ఆయన జయకృష్ణ సరుకు తెస్తాడు, తల్లి ఏమంటే దానికి తలాడిస్తాడు. నేను నెల్లిమర్ల నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని. నాకు తలాడించడం చేతకాదు. అందుకే మొదట్లో అత్తకీ నాకూ ఉప్పూ నిప్పూగా ఉండేది.

మా బజారులో ప్రతి కొట్టువాడూ కొత్త సంవత్సరానికి కేలండర్లు పంచుతాడు. పైన దేవుడు, కింద కొట్టు పేరు, ఆ కింద తిథులు, వర్జ్యాలు. అది ఆనవాయితీ. మా కేలండరు మీద మాత్రం దేవుడు ఉండడు. దసరా రోజుల్లో ఏజెంటు నమూనాల ఆల్బం పట్టుకొస్తే, మా అత్త లక్ష్మీ సరస్వతులను టకటకా తిప్పేసి, చివర్న ఉన్న సీనరీల దగ్గర ఆగుతుంది. ఒక ఏడు నయాగరా, ఒక ఏడు మంచుకొండ, ఇంకో ఏడు ఎర్రరాళ్ళ లోయ. పూజాసామాన్లు అమ్ముకునే మనిషి ఇలా చేస్తే జనం ఊరుకుంటారా?

"ఏటమ్మా, దేవుడి బొమ్మ నేదేటి?" అనేవారు.

"మీ ఇంట్లో గోడ నిండా దేవుళ్ళే కదా. జలపాతం ఒక్కటైనా ఉన్నాదా? పట్టుకెళ్ళండి," అనేది.

పట్టుకెళ్ళక ఏం చేస్తారు, ఊరికే వచ్చేదాన్ని ఎవరు వదులుకుంటారు! దేవుడి కేలండరు పాతబడితే పారెయ్యడానికి చేతులు రావు. మా సీనరీలకు ఆ చిక్కు లేదు. ఏడాది తిరిగేసరికి పిల్లల పుస్తకాలకు అట్టలైపోయేవి. కూరగాయలమ్మే తవిటమ్మ అయితే జపాను వాళ్ళ ఫూజీ కొండను కైలాసం అనుకుని దేవుడి గూట్లో పెట్టుకుంది, రోజూ బొట్టు కూడా పెట్టేది. అది కైలాసం కాదని చెప్పబోతే అత్త నా చెయ్యి గట్టిగా గిల్లింది.

"నువ్వూరుకోయే. కొండకి దండమెడితే తప్పేటి?"

ఇంత పిచ్చి ఉన్న మనిషి చూసినవన్నీ గుళ్ళే. మావాళ్ళు యాత్రలంటే అందరూ కలిసి బస్సు మాట్లాడుకుంటారు. వంటమనిషీ, గ్యాసు పొయ్యీ, బియ్యం బస్తాలూ అందులోనే. ఆ బస్సు దర్శనానికి ఆగుతుంది, వంటకు ఆగుతుంది, మరి దేనికీ ఆగదు. ఒకసారి ఘాటు రోడ్డు మీద పోతుంటే పక్కన పెద్ద జలపాతం కనపడిందట. అందరూ నిద్రలో ఉన్నారు. మా అత్త లేచి నిలబడి ఆపమంది. "దర్శనం టైము దాటిపోతాదమ్మా" అని డ్రైవరు ఆపలేదు. మలుపు తిరిగేదాకా వెనక అద్దంలోంచి చూస్తూనే ఉందట. ఈ కథ నాకు చెప్పిన ప్రతిసారీ ఆ డ్రైవరుకు కొత్త తిట్టు ఒకటి పడేది.

కిందటేడు ఆవిడకు కళ్ళ జబ్బు బయటపడింది. కొట్లో పక్కనుంచి వచ్చి నిలబడ్డవాళ్ళు కనపడక ఉలిక్కిపడేది. గడప తన్నుకునేది. శ్రీకాకుళం తీసుకెళ్ళి చూపిస్తే నీటికాసులన్నారు. పోయిన చూపు రాదని, మిగిలింది చుక్కల మందుతో కాపాడుకోవాలని, ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేమని అన్నారు డాక్టరు గారు. అత్త ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, కొట్లో గోడకున్న ఆ ఏటి కేలండరు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆఫ్రికాలోని విక్టోరియా జలపాతం అది.

జయకృష్ణ పాపం మంచివాడే. ఆ వారమే కాశీ యాత్ర బస్సులో సీట్లు మాట్లాడి వచ్చాడు.

"అమ్మా, సూపు ఉండగానే విశ్వనాథుణ్ణి సూసొద్దాం," అన్నాడు.

"కాశీ ఎల్లి ఏటి సేస్తావురా?"

"ఏటి సేస్తాం, దర్శనం సేసుకుంటాం."

"గంటలు గంటలు లైన్లో నిలబడి, ఒకళ్ళనొకళ్ళు తోసుకుని, తీరా సామి ముందుకొచ్చేసరికి ఏటి సేస్తావు? సెప్పు. రెండు సేతులూ ఎత్తి కళ్ళు మూసుకుంటావు. అవునా, కాదా?"

మా ఆయన నా వైపు చూశాడు.

"కళ్ళు మూసుకునే పనికి కళ్ళెందుకురా? సూపు పోయినాక తీసుకెల్లు, నీ ఇష్టం ఉన్నన్ని గుళ్ళు తిరుగుతాను. ఇది అలాక్కాదు. దీనికి కళ్ళు కావాల," అని కేలండరు కొడుకు ముందు పెట్టింది.

బంధువులంతా వచ్చి చెప్పిచూశారు. ఆఫ్రికాలో పులులుంటాయన్నారు. (ఉండవు, నేను సెల్లులో చూసి చెప్పాను.) ఈ వయసులో ఇదేం బుద్ధి అన్నారు. "బుద్ధి ఈ వయసుకే వచ్చింది, ఏటి సేస్తాం," అంది అత్త. మెడలోని గొలుసు తీసి కొడుకు చేతిలో పెట్టి అమ్ముకురమ్మంది. తోడెవరు వెళ్తారని ప్రశ్న వస్తే నా నోరే ముందు లేచింది. "నేనెళ్తాను," అన్నాను. పదిమంది కలిసి ఒక ఆడమనిషిని నోరు మూయించాలని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఆ ఆడమనిషి మా అత్తే అయినా సరే.

ముంబయి వాళ్ళ టూరులో చేరి, విమానాలు మారి మారి, ఏప్రిల్లో అక్కడికి చేరాం. ఊరు దాటకముందే ఆకాశంలోకి తెల్లగా పొగ లేస్తూ కనపడింది. అది పొగ కాదు, పడ్డ నీళ్ళు తుంపరై మళ్ళీ పైకి లేవడం. దగ్గరికి వెళ్ళేకొద్దీ కాళ్ళ కింద నేల అదురుతోంది. అత్త నా చెయ్యి పట్టుకుని నాకన్నా ముందు నడుస్తోంది. రెయిన్ కోట్లు తొడుక్కుని లోయ అంచున ఉన్న కమ్మీ దాకా వెళ్ళాం. ఎదురుగా ఏముంది? తెల్లగా, గోడలా తుంపర. అంతే. నది నిండుగా ఉన్న రోజుల్లో ఇంతేనని, ఒక్కోసారి తుంపరలో అసలు జలపాతమే కనపడదని గైడు చావుకబురు చల్లగా చెప్పాడు. మిగతావాళ్ళు ఆ తెల్లదనం ముందే నిలబడి ఫొటోలు తీసుకుని బస్సు వైపు నడిచారు. నాకు ఏడుపొచ్చింది. గొలుసు అమ్ముకుని, ఇంటిల్లిపాదితో పోట్లాడి, ఇంత దూరం వచ్చింది ఇందుకా?

"పద అత్తా, అందరూ ఎళ్ళిపోతన్నారు."

"నేను కదల్ను." రెయిన్ కోటు టోపీ వెనక్కి తోసేసింది. మొహం మీద నీళ్ళు కారుతున్నాయి. "నా కళ్ళున్నంత సేపూ ఇక్కడే ఉంటాను. గాలి మళ్ళదేటి, సూస్తాను."

గైడు వచ్చి పిలిచాడు, వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. అత్త వాడి వైపు తిరగలేదు.

అప్పుడు గాలి మళ్ళింది.

తుంపర పక్కకు జరిగింది. దాని వెనకాల మొత్తం నది, ఈ చివర నుంచి ఆ చివర దాకా, లోయలోకి విరుచుకు పడుతోంది. నేను చూసింది రెప్పపాటే. నా చేతులు వాటంతటవే పైకి లేచి కలిశాయి. కళ్ళు మూతపడ్డాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ గొప్పది ఏది ఎదురుపడినా నేను చేసింది అదే.

వీపు మీద దెబ్బ పడింది. "ఒసే! కళ్ళు తెరువే!"

తెరిచాను. మళ్ళీ తెల్లటి తుంపర.

అత్త నవ్వుతోంది. అంత నవ్వు ఆవిడ మొహంలో నేను ఎన్నడూ చూడలేదు. "నేను సూసీసేను రాధికా. సివరికంటా సూసేను. ఒక్క రెప్ప ఎయ్యలేదు."

"పోనీలే అత్తా, నువ్వు చూశావు, చాలు. బస్సు మనకోసం ఆగి ఉంది."

"ఆగనీ." నా రెయిన్ కోటు చెయ్యి పట్టి తన పక్కకు లాగింది. "ఈసారి బస్సు ఆగుతాది. నువ్వు సూడకుండా ఎల్లేది నేదు. మళ్ళీ గాలి మళ్ళుతాది, నిలబడు."

వెనక నుంచి హారను మోగింది. ఇద్దరం తిరగలేదు. నేను చేతులు కలవకుండా రెండు చేతులతోనూ కమ్మీని గట్టిగా పట్టుకుని, నీళ్ళు కొడుతున్నా సరే, కళ్ళు తెరిచే ఉంచాను.