సలాం చేసిన పిల్ల

మా అవ్వకు ఫోటో లేదు. ఆమె ముఖం తెలిసిన మనుషుల్లో మిగిలింది నేనొక్కదాన్నే. నేనూ పోతే ఆమె ఎలా ఉండేదో చెప్పేవాళ్లుండరు. అయితే చిన్నప్పుడు బడిలో ఒక ఫోటో తీశారని మాత్రం అవ్వ చెబుతుండేది.

అది తెల్లదొరలు తిరిగిన కాలం. మేడ్చల్ దగ్గర ఒక దొరసాని మిషన్ బడి నడిపేది. ఒకనాడు మూడు కాళ్ల పెట్టెతో ఒక దొర వచ్చాడు. ఆడపిల్లలకు తలనూనె రాసి, తలా ఒక పలక ఇచ్చి, వరుసల్లో కూర్చోబెట్టారు. కదలొద్దు, రెప్ప కూడా కొట్టొద్దన్నారు. దొర నల్లగుడ్డలో తల దూర్చాడు. అవ్వ బడిలో చేరి అప్పటికి వారమే. ఆమెకు నేర్పిన పాఠం ఒక్కటే: దొర ముఖం కనబడితే లేచి సలాం చేయాలి. ఆయన గుడ్డలోంచి తల తీసి, పెట్టె కంటి మీది మూత తీశాడో లేదో, అవ్వ లేచి, వంగి సలాం చేసింది.

"అందరు బొమ్మలోలె కూసున్నరు బిడ్డా. నేనొక్కదాన్నే మర్యాద జేసిన," అని నవ్వేది. ఆ మర్యాదకు బెత్తం దెబ్బలు కూడా తిన్నది. ఫోటో మాత్రం ఆమె ఎన్నడూ చూడలేదు.

మొన్న ఎండాకాలం చర్చిలో పాత బీరువా సర్దుతుంటే ఆ ఫోటో బయటపడింది. పెద్దగా చేయించి బడి గోడకు పెడదామని పాస్టరయ్య దాన్ని మేడ్చల్‌లోని స్టూడియోకు పంపాడు. ఎవరినైనా గుర్తుపడతానేమో చూసి రమ్మని నాకు కబురు పెట్టాడు. మా ఊరు గండిమైసమ్మ నుంచి రెండు ఆటోలు మారి పోయాను.

స్టూడియో ఆయన కంప్యూటర్‌లో చూపించాడు. కదిలితే ముఖం చెదిరిపోతుందని విన్నాను గనుక చెదిరిన ముఖం కోసమే వెతికాను. ఒక్కటీ లేదు. అందరూ కడిగిన ముత్యాల్లా ఉన్నారు. అవ్వ ఉన్న ఫోటో ఇది కాదేమో అనుకున్నాను.

"ఒక పిల్ల మొఖం మస్తు ఖరాబైంది అమ్మా. అడ్డమొచ్చిన చెయ్యి తీసేసి, కూసున్నట్టు జేసి, పక్క పిల్ల మొఖం దీసి, కొంచెం మార్చి అతికిచ్చిన. తెలుస్తలేదు గదా?" అన్నాడు, మెచ్చుకుంటానని.

పాతది చూపించమన్నాను. రెండో వరుస చివర ఒక పిల్ల సగం లేచి ఉంది. మెడ మీద ముఖం లేదు, పొగ ఉంది. ఆ పొగలో నుదుటి దగ్గర చెయ్యి.

"గామె మా అవ్వ," అన్నాను.

మొఖమే లేకుంటే ఎట్ల గుర్తుపట్టానని అడిగాడు. కథంతా చెప్పాను. ఆయన చాలాసేపు ఆ చెయ్యినే చూసి, పాస్టరయ్యకు ఫోన్ కలిపి నాకిచ్చాడు.

పాస్టరయ్య మంచివాడే. "నిజమే గావొచ్చమ్మా. గాని గోడకు వెడితే పిల్లలు దయ్యమని నవ్వుతరు. మొఖం ఉంటేనే మంచిగుంటది," అన్నాడు.

"అది ఎవలి మొఖం అయ్యా?" అన్నాను.

సంఘం పెద్దలందరూ ముఖం అతికించిన ఫోటోకే ఒప్పుకున్నారని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

స్టూడియో ఆయన నేను అడగకుండానే పాత బొమ్మను చిన్న కాగితం మీద తీసిచ్చాడు. ఇంటికి తెచ్చి దీపం కింద పెట్టి చూసుకున్నాను. ఇదిగో అని చూపించడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఆదివారం ఆరాధన అయ్యాక బడిలో పెద్ద ఫోటో మీది గుడ్డ తీశారు. అందరూ చప్పట్లు కొట్టారు. రెండో వరుస చివరి పిల్ల, పక్క పిల్లకు చెల్లెలిలా, శుభ్రంగా నన్నే చూస్తోంది. నా పక్కన నిలబడ్డ ఒకామె భుజం తట్టింది.

"మీ అవ్వ గూడ గీ బడిల్నే సదివిందట గదా పెద్దమ్మా. ఏది, సూపియ్యి."

చెయ్యి ఎత్తబోయి దించుకున్నాను.

"గిండ్ల లేదు బిడ్డా," అన్నాను.