నేను గీయని సూర్యుడు

కాపీ కొట్టలేదు అంటే వినరేం? నెట్‌లోంచి ఎత్తిన బొమ్మయితే సూర్యుడు అందులో ఉన్నట్టే ఉండాలి కదా. నా షీట్‌లో కుడి ఎడమలు తారుమారుగా ఉన్నాయి. టెలిస్కోప్‌లోంచి వెలుగు కాగితం మీద పడితే అలాగే పడుతుంది. ఈ ముక్క మా ప్రాజెక్ట్ గైడ్‌కి నాలుగుసార్లు చెప్పాను.

దెయ్యాల వీడియోలు ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే వాళ్లని బ్లాక్ చేసే రకం నేను. జంషెడ్‌పూర్‌లో బీఎస్సీ ఫిజిక్స్, ఆఖరి ఏడాది, ఆస్ట్రోఫిజిక్స్ ఎలక్టివ్. ఇన్నేళ్లూ డెరివేషన్లు బట్టీ పట్టడమే. చేత్తో చేసిన పని ఈ ప్రాజెక్ట్ ఒక్కటే. స్టీల్ ప్లాంట్‌లో ఎర్రగా మండే స్లాగ్ మడ్డి పారబోసినప్పుడల్లా రాత్రి ఆకాశం నారింజ రంగుకి తిరుగుతుంది, ఇక నక్షత్రాలెక్కడ? అందుకే సూర్యుణ్ణి ఎంచుకున్నాను. రోజూ పొద్దున్నే భుయ్యాడీహ్‌లో మా ఇంటి మేడ మీద, కాలేజీ టెలిస్కోప్‌తో సూర్యబింబాన్ని తెల్లకాగితం మీద పడేసి, మచ్చల్ని పెన్సిల్‌తో గుర్తుపెట్టాలి. వరసగా ఇరవై రోజులు.

పన్నెండో రోజు గండి పడింది. వేరే బ్యాచ్‌కి ఒక్కరోజు కావాలని ముందురోజు సాయంత్రమే టెలిస్కోప్ వెనక్కి తీసేసుకున్నారు. ఆ పొద్దున మేడ మీద బోర్డుకి క్లిప్ పెట్టి ఉన్న ఖాళీ షీట్‌ని ఫోటో తీసి, "ఈరోజు గోవిందా" అని స్టేటస్ పెట్టి కాలేజీకి పోయాను. ఫోటో ఇప్పటికీ ఫోన్లో ఉంది. టైం ఏడూ పది. మేడ తలుపు తాళంచెవి నా బ్యాగులోనే ఉంది. నాన్న డ్యూటీలో, అమ్మ సోనారిలో టైలరింగ్ షాపులో.

నాలుగింటికి వచ్చి చూస్తే షీట్ మీద బొమ్మ ఉంది.

ఐదు మచ్చలు. అంచున ఒక చిన్నది, ముందురోజు లేనిది. ఉపగ్రహం ఆ రోజు తీసిన ఫోటో ఫోన్లో తెరిచి పక్కన పెట్టాను. ఐదూ ఉన్నాయి. తిరగేసి.

టైం రాయాల్సిన చోట తెలుగులో ఏదో ఉంది. నాకు తెలుగు మాట్లాడటమే వచ్చు, అక్షరాలు రావు. ఇది కూడా ఫోన్‌కి చెప్పి టైప్ చేయిస్తున్నాను. మా ఇంట్లో ముగ్గురం హిందీ మీడియమే. కెమెరా పెడితే ఫోనే చదివింది: ఎ షిఫ్ట్. అంటే పొద్దుటి డ్యూటీ.

గంటలు రాయకుండా షిఫ్టు రాసే మనిషి మా ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. మా తాత, నాన్న వాళ్ల నాన్న. శ్రీకాకుళం నుంచి వచ్చి ఫర్నేస్ దగ్గర జీవితమంతా పనిచేశాడు. గ్యాస్ బండ ఎప్పుడొచ్చిందో, నాకు జ్వరం ఎప్పుడు తగ్గిందో, క్యాలెండర్ మీద అన్నీ ఎ, బి, సి షిఫ్టుల్లోనే. పోయి రెండేళ్లయింది.

అమ్మకి చూపించాను.

"ఏటే ఇది, మీ తాత అచ్చరాల్లాగున్నాయి" అంది. వెంటనే మాట మార్చేసింది. "నువ్వే గీసుంతావు, మర్సిపోనావు. సారుకిచ్చియ్యి, గొడవొదిలిపోద్ది."

"మై క్యోం భూలూంగీ? పాగల్ హూం క్యా?" అని అరిచాను, మర్చిపోవడానికి నేనేమైనా పిచ్చిదాన్నా అని.

ఇక్కడ నా తప్పు ఒప్పుకుంటున్నాను. ఇరవై పూర్తవుతాయన్న ఆశతో ఆ షీట్ కింద నా సంతకం పెట్టి ఫైల్లో కలిపేశాను. ఆ తెలుగు ముక్క చెరిపేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు.

గైడ్ రిజిస్టర్ తీశారు. ఆ రోజు టెలిస్కోప్ కాలేజీలోనే ఉంది. "తో కిస్‌నే బనాయా? భూత్ నే?" అన్నారు, మరి గీసిందెవరు, దెయ్యమా అని. ల్యాబంతా నవ్వింది. ప్రాజెక్ట్ పోతే డిగ్రీ ఆగుతుంది, ఎమ్మెస్సీ సీటు పోతుంది. నెట్‌లోంచి కాపీ కొట్టానని శుక్రవారంలోగా లెటర్ రాసిస్తే పాస్ మార్కులు వేస్తారట.

తాత మీద కూడా మండుతోంది, గీసింది తాతే అయితే. కాకపోతే ఎవరి మీద మండాలో తెలీదు. టెలిస్కోప్ లేకుండా ఆ చిన్న మచ్చ ఎవరికీ కనపడదు. నాకు తెలిసిన ఫిజిక్స్ అంతా వాడి చూశాను, ఎక్కడా కుదరడం లేదు.

ఇవాళ గురువారం. లెటర్ రాశాను. ఆ షీట్ నేను గీసింది కాదు, సంతకం పెట్టడం నా తప్పు, గీసిందెవరో తెలీదు, మిగతా పంతొమ్మిదికే మార్కులు వేయండి అని. కాపీ అన్న మాట లేదు. అమ్మ చదివి, "ఆ ఒక్క ముక్కా రాసేత్తే పోయేదేటే?" అంటోంది.

చెయ్యని పనికి సంతకం ఒకసారి పెట్టి చూశాను. రెండోసారి కూడా పెట్టేయమనేవాళ్లు చెప్పండి, నా స్థానంలో ఉంటే మీరు పెడతారా?