కమలాకుమారి పద్మిని

కమలాకుమారి లెక్కల టీచరుగా రిటైరైన నెలలోనే పాత పద్మిని కారు కొంది. దీవుల నుంచి మెయిన్‌లాండ్‌కు బదిలీ అయిన ఓ ఆఫీసరు దాన్ని వదిలించుకోబోతుంటే, తుక్కుకు పోనీయకుండా డాలీగంజ్‌లోని తన ఇంటికి తోయించుకొచ్చింది. భర్త దుర్గారావు చుట్టూ తిరిగి చూశాడు.

"ఏటిది కమలా, కారు తెచ్చావా, కోళ్లగూడు తెచ్చావా?"

ఆమె డైరీ ఫార్మ్ పేటలో మెకానిక్ గోవిందు దగ్గర కూర్చుని పని నేర్చుకుంది. ఉప్పుగాలి ఇనుమును ఊరికే తినేస్తుంది కాబట్టి, వానాకాలమంతా చూరునీళ్లు డ్రమ్ముల్లో పట్టి, ఆ మంచినీళ్లతో కారు అడుగుభాగం కడిగేది. తన స్నానానికి లేని నీళ్లు కారుకెక్కడివని దుర్గారావు సణిగేవాడు. రెండేళ్లకు బండి లేతాకుపచ్చ రంగుతో నిగనిగలాడుతూ వీధిలోకొచ్చింది.

కమలాకుమారి చెల్లెలి కొడుకు మణికుమార్ పెళ్లి కుదిరింది. పెళ్లికూతురు స్వాతిది సముద్రపాయ అవతలున్న హోప్ టౌన్. పెద్దమ్మ కారులోనే వెళ్తానని పెళ్లికొడుకు పట్టుబట్టాడు. పెళ్లిరోజున దుర్గారావుతో కలిసి ముగ్గురూ చాతమ్ జెట్టీలో, బళ్లను దాటించే ఫెర్రీ కోసం బారులో నిలబడ్డారు. ఆపితే మళ్లీ స్టార్టవుతుందో లేదోనన్న భయంతో కమలాకుమారి మండుటెండలో ఇంజన్ ఆపనేలేదు. ఫెర్రీ ఎక్కాకే ఆపింది.

అవతలి ఒడ్డు చేరాక తాళం తిప్పితే బండి దగ్గింది గానీ అంటుకోలేదు. వెనక బళ్లన్నీ హారన్లు మోగించాయి. లారీ డ్రైవరు రామ్‌ప్రసాద్ దిగొచ్చి, "దీదీ, ధక్కా మారూఁ క్యా?" అంటూ తొయ్యబోయాడు.

"ధక్కా వద్దు భయ్యా. దీనికి వేడి చేసింది, థోడా రుకో, చల్లారనీ."

ఆమె పట్టుచీర కుచ్చిళ్లు దోపుకుని బోనెట్ ఎత్తింది. ఇంజన్‌కు పెట్రోలు అందించే పంపు వేడికి కాలిపోతోంది. తడిగుడ్డ చుట్టాలి. గుడ్డ కోసం చుట్టూ చూసి, దుర్గారావు భుజం మీది కొత్త కండువా లాగేసి, సీసాలో నీళ్లన్నీ దానిమీద పోసి పంపుకు చుట్టింది. పెళ్లికొడుకు లోపల పగలబడి నవ్వుతున్నాడు.

కాసేపటికి బండి ఒక్క తిప్పుకే అందుకుంది. రామ్‌ప్రసాద్ ఈసారి హారన్ కొట్టింది సంబరానికే. ముహూర్తానికి ఇంకా గంట ఉండగానే హోప్ టౌన్‌లో దిగారు. ఫొటోల్లో దుర్గారావు ఆయిలు మరకల కండువాతోనే నిలబడి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఫెర్రీ కథ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ, తానే తెచ్చానన్న నీళ్లు కాస్త పెరిగాయి.

సాయంత్రం తిరుగు ఫెర్రీలో ఆయన స్టీరింగు మీద మెల్లగా చెయ్యేశాడు. "నాకూ నేర్పకూడదేటి?"

కమలాకుమారి లోపల పొంగిపోయింది. పైకి మాత్రం టీచరుగానే అంది. "రేపు పొద్దున్న రండి. ముందు బోనెట్ ఎత్తడం, ఆ తర్వాతే స్టీరింగు."