పెదనాన్న విన్న చప్పుడు

మొన్న డాక్టర్స్ డే నాడు మా మేనకోడలు కుటుంబం వాట్సాప్ గ్రూపులో నా ఫొటో పెట్టి, తను కడుపులో ఉండగా వాళ్ళమ్మ గుండె జబ్బు కనిపెట్టి ఇద్దరినీ బతికించింది ఈ మావయ్యేనని నాలుగు మంచి మాటలు రాసింది. సాయంత్రానికల్లా దాని కింద దండాలూ పూలగుత్తులూ వరస కట్టాయి. రాజమండ్రిలో నా ఆసుపత్రి గదిలో కూర్చుని అవన్నీ చూస్తూంటే, ఇన్నేళ్ళుగా పెళ్ళిళ్ళలోనూ పేరంటాల్లోనూ ఇదే మాట విని తల వంచుకుని నవ్వి ఊరుకున్న నాకు ఈసారి నవ్వు రాలేదు. ఆ పిల్ల రాసింది నిజం కాదు. మా అక్క జబ్బు కనిపెట్టింది మా పెదనాన్న. ఆయనకన్నా ముందే చూసి, ఏమీ లేదని చెప్పినవాణ్ణి నేను.

పెదనాన్న నరసాపురంలో డాక్టరు. రేవుకి వెళ్ళే దారిలో ఆయన పెంకుటింటి వసారాయే ఆసుపత్రి. కోనసీమ వైపు నుంచి పంటు మీద గోదావరి దాటి వచ్చేవాళ్ళు, బుట్టలు దించుకుని, గొడుగులు మడిచి గోడకి ఆనించి, ఆ వసారాలో బల్లల మీద కూర్చునేవారు. సెలవులకి వెళ్ళినప్పుడల్లా నేను ఓ మూల చేరి చూస్తూండేవాణ్ణి. నేను డాక్టరు కావడానికి కారణం కూడా ఆ వసారాయే.

ఆయన స్టెతస్కోపు అన్నిటికన్నా చివర్న తీసేవారు. మనిషి వీధి గుమ్మం దగ్గర నుంచి మెట్లెక్కి వచ్చేలోపు ఎక్కడ ఆగాడో, ఎక్కడ గోడ పట్టుకున్నాడో, సగం పరీక్ష అక్కడే అయిపోయేది. తరవాత చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఊళ్ళో వానలూ పంటలూ అడుగుతూ, గోళ్ళ రంగు చూసేవారు, నాడి చూసేవారు. కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టి, మెడలో నరం ఎంత పైదాకా ఉబ్బి కొట్టుకుంటోందో చూసేవారు. ముంగాలి మీద బొటనవేలితో నొక్కి, సొట్ట ఎంతసేపు నిలుస్తుందోనని వంగి చూస్తూండేవారు. ఆ తరవాతే చెవులకి స్టెతస్కోపు, అదీ దాని బిళ్ళని అరచేతుల మధ్య వెచ్చబెట్టాక.

ఆడవాళ్ళ విషయంలో ఆయనది మరో పద్ధతి. మీలో నా వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, డాక్టరైనా సరే, మగవాడి ఎదుట పమిట తియ్యడం అప్పట్లో ఊహకందని మాట. చాలామంది డాక్టర్లు చీర మీదే ఆనించి పని కానిచ్చేవారు. బట్ట మీద పెడితే బట్ట చప్పుడే వినపడుతుందని పెదనాన్న ఒప్పుకునేవారు కాదు. అందుకని ఒక తెర కట్టించారు, స్టెతస్కోపుకి పొడుగాటి గొట్టం వేయించారు. తెర అవతల మంచం మీద రోగి, పక్కన అల్లుతున్న లేసు ఒళ్ళో పెట్టుకుని పెద్దమ్మ. ఇవతల గోడ వైపు తిరిగి కూర్చున్న పెదనాన్న ఎక్కడ పెట్టాలో చెబితే, పెద్దమ్మ అల్లిక పక్కన పెట్టి, బిళ్ళని రవిక లోపల సరిగ్గా ఆ చోట పట్టుకునేది. వచ్చిన ఆడవాళ్ళకి సిగ్గూ పోయేది కాదు, పరీక్షా ఆగేది కాదు.

ఇంత చూసి పెరిగిన నేను చేసిన పని వినండి. డాక్టరు పట్టా చేతికొచ్చి, పాలకొల్లులో మా ఇంట్లో ఉంటున్న రోజులవి. ఏడో నెలలో సూడిదలు పట్టుకెళ్ళి, అక్కని రాజోలు నుంచి పురిటికి తీసుకొచ్చారు. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. గోడకి తలగడలు పేర్చుకుని ఆనుకుని పడుకునేది. బుగ్గలు రెండూ కందినట్టు ఎర్రగా ఉండేవి. కడుపుతో ఉన్న పిల్లకి ఆ కళ వస్తుందని అమ్మ మురిసిపోయి, రోజూ దిష్టి తీసేది. ఇంట్లో డాక్టరుండగా ఇంకొకరెందుకని నన్ను చూడమంది. నా తోడబుట్టిన అక్క. పెద్దమ్మలా చెయ్యి పెట్టమని అమ్మని అడగడానికే నాకు మొహం చెల్లలేదు. మడతలు పడ్డ నేత చీర మీదే బిళ్ళ ఆనించి, ఎదుట గోడ మీది క్యాలెండరు చూస్తూ కాసేపు విని, గుండె బ్రహ్మాండంగా ఉంది, రక్తం తక్కువని చెప్పి టానిక్కు రాశాను.

ఆ తరవాత కొద్దిరోజులకే పెద్దమ్మా పెదనాన్నా అక్కని చూడ్డానికి వచ్చారు. కాఫీ తాగుతూ, వంటింట్లోంచి హాల్లోకి నడిచి వస్తున్న అక్కని చూసి ఆయన గ్లాసు కింద పెట్టేశారు. రమ్మని పిలిచి, చెయ్యి తీసుకుని, మామూలు కబుర్లలాగే అడిగారు.

"రాత్రిళ్ళు పడుకునే నిద్రపోతున్నావా అమ్మా, కూచునా?"

"కూచునే పెదనాన్నా. పడుకుంటే ఎవరో గుండెల మీదెక్కి కూచున్నట్టుంటోంది."

"మీ మనవడేనండి బావగారూ, అప్పుడే ఎక్కి కూచున్నాడు," అంది అమ్మ.

అందరూ నవ్వారు. పెదనాన్న నవ్వలేదు. అక్కని లోపలి గదిలో ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకోమన్నారు. పెద్దమ్మ ఆయన సంచీలోంచి పొడుగు గొట్టం స్టెతస్కోపు తీసి, బిళ్ళ పట్టుకుని లోపలికి వెళ్ళింది. తలుపు ఓరగా వేసి, ఆయన గుమ్మం ఇవతల పీట మీద గోడ వైపు తిరిగి కూర్చున్నారు. చాలాసేపు విన్నారు. తరవాత లేచి ఆ పీట మీద నన్ను కూర్చోబెట్టారు. నాకు మామూలు గుండె చప్పుడే వినపడింది, కాకపోతే మొదటిది కాస్త గట్టిగా, తలుపు తట్టినట్టు. అదే చెప్పాను.

"చప్పుళ్ళు వినకు," అన్నారు. "రెండో చప్పుడు తరవాత ఖాళీ ఉంటుంది చూడు. అది విను."

ఆ ఖాళీలో ఉంది. చాలా దూరాన వంతెన మీద గూడ్సు బండి వెళ్తున్నట్టు, చెవికన్నా ముందు ఒంటికి తెలిసే సన్నని గుడగుడ. గుండెలో ఒక కవాటం మూసుకుపోయినట్టు సన్నబడి, రక్తం దాన్ని తోసుకుంటూ పోతున్న చప్పుడది. పరీక్షలో ఈ జబ్బు గురించి పేజీలు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నాను. పురిటినొప్పుల దాకా ఇలాగే వదిలేస్తే ఏమవుతుందో కూడా రాశాను.

అప్పుడు ఆయన మా నాన్నని పెరట్లోకి తీసుకెళ్ళారు. వెనకే నేనూ వెళ్ళాను. ఇంజెక్షన్లు ఎప్పుడు మానిపించావని ఆయన అడిగారు. అక్క చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి, జ్వరంతో మోకాళ్ళు వాచాయని నాకు తెలుసు. అది గుండెకి పాకకుండా ఏళ్ళ తరబడి నెలనెలా ఇంజెక్షన్ చేయించాలని పెదనాన్న చెప్పిన సంగతి తెలియదు. నాన్న నూతి గట్టు కేసి చూస్తూ, "సంబంధాలు చూస్తున్న రోజులన్నయ్యా. ఎదిగిన పిల్ల నెలనెలా డాక్టరింటికెళ్తే నలుగురూ ఏమనుకుంటారు," అన్నారు.

అక్కని విశాఖపట్నం తీసుకెళ్ళాం. మంచం దిగనివ్వకుండా, మందులతో నెట్టుకొచ్చి, అక్కడే పురుడు పోసి, ఆ తరవాత కవాటం వెడల్పు చేశారు. తల్లీ పిల్లా దక్కారు. పురుడు కాకముందు, ఏం జరుగుతుందో ఎవరికీ తెలియని రోజుల్లో, ఆసుపత్రి వరండాలో బావగారి తల్లి నిలదీసింది. ఈ జబ్బు ఎప్పట్నుంచి ఉంది, పెళ్ళికి ముందు మీకు తెలియదా అని. నాన్న తల వాల్చేశారు. పెదనాన్నే ముందుకొచ్చారు.

"మొన్ననే మావాడు కనిపెట్టాడు చెల్లెమ్మగారూ. ఇన్నేళ్ళూ చూసి కూడా నాకు అంతుపట్టలేదు."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, "ఇంట్లో పెరిగిన పిల్ల గుండే తెలియనివారికి ఊళ్ళోవాళ్ళ గుండెలేం తెలుస్తాయండి అన్నయ్యగారూ," అంది. బావ పక్కనే ఉన్నాడు. నేనూ ఉన్నాను.

ఆ మాట పంటు ఎక్కి గోదావరి దాటింది. ఏడాది తిరిగేసరికి ఆ వసారాలో బల్లలు ఖాళీ అయ్యాయి. నాకు మాత్రం చెవి ఉన్న కుర్ర డాక్టరని పేరొచ్చింది, పాలకొల్లులో నా గుమ్మం ముందు జనం నిలబడ్డారు. కష్టమైన కేసు వస్తే పెదనాన్నే నా దగ్గరికి పంపేవారు. నరసాపురం వెళ్తే పెద్దమ్మ తెర పక్కన ఊరికే కూర్చుని లేసు అల్లుకుంటూ కనిపించేది. అది చూడలేక వెళ్ళడం తగ్గించాను. ఆయన పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర ఎవరో, చెయ్యి చల్లనిదే గానీ చెవి కాస్త మందమన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు జాలిగా నవ్వారు. నేను విస్తట్లో పప్పు కలుపుకుంటున్నాను. కలుపుకుంటూనే ఉన్నాను.

అక్క కాపురం కోసం, నాన్న పరువు కోసం అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. మొన్న ఆ ఫొటో చూశాక అక్కకి ఫోన్ చేసి, నిజం రాసేస్తానన్నాను. రాయరా, మీ బావకి నేనెప్పుడో చెప్పేశాను, పిల్ల పుట్టిన ఏడాదే, అంది. తరవాత బావ ఫోన్ తీసుకున్నాడు.

"మీ పెదనాన్నగారి పెద్దకర్మ నాడు నువ్వు చెప్తావేమోనని నీ మొహమే చూస్తూ కూచున్నానయ్యా. మా అమ్మ కూడా ఆ పంక్తిలోనే ఉంది."

ఇప్పుడు నా ఆసుపత్రిలో గుండె ఎదుటి తెర మీద కదులుతూ కనిపిస్తుంది, కవాటం ఎంత సన్నబడిందో మిషనే కొలిచి చెబుతుంది. ఆడపిల్లలు ఒక్కళ్ళే వస్తారు, తమ జబ్బు తామే చెప్పుకుంటారు. పరీక్ష చెయ్యడానికి ఆడ డాక్టర్లున్నారు, ఎవరూ గోడ వైపు తిరిగి కూర్చోనక్కర్లేదు. చిన్నప్పుడు అక్కకి వచ్చినలాంటి కీళ్ళ జ్వరాలు తగ్గాయి. నా దగ్గర నేర్చుకునే కుర్ర డాక్టర్లకి వినిపిద్దామంటే, ఆ గుడగుడ ఉన్న రోగి దొరకడమే అరుదైపోయింది. ఈ మాట చెబితే పెదనాన్న ఎంత సంతోషించేవారో నాకు తెలుసు. వెళ్ళి చెప్పగలిగిన రోజుల్లో నేను నరసాపురం వెళ్ళలేదు.