ముగ్గురమేనని చెప్పి తీసుకున్న ఇల్లు

దయ్యాల కథలు వినీ వినీ, వాటి మీద నమ్మకమే పోయిన ఊరు మాది. కోలారు గనుల దగ్గర పుట్టి పెరిగాను. అక్కడ ప్రతి సొరంగానికీ ఒక దయ్యం ఉండేది, ప్రతి తాగుబోతూ దాన్ని చూసినవాడే. మా నాయన పాతికేళ్ళు భూమి కింద పనిచేసి, "నాకు కనపడింది ఎలకలే" అని నవ్వేవాడు. నేనూ ఆయన కూతుర్నే. దయ్యాలున్నాయని ఈ రోజుకీ అనను. జరిగింది చెబుతాను, అంతే. నమ్మమని ఎవర్నీ బతిమాలను.

తొంభైల మధ్యలో గనుల్లో పని తగ్గిపోయింది. మా ఆయన ప్రకాశం అక్కడ పంపు మోటార్లు బాగుచేసేవాడు. వాళ్ళ తాతలది నెల్లూరు జిల్లా కొండాపురం పక్క పల్లె. ఆ పాత చుట్టరికం పట్టుకుని అడగ్గా, ఉదయగిరిలో ఒక మోటార్ల షాపులో పని దొరికింది. రాష్ట్రం మారాలి. నాకు తెలిసిన మనిషి ఒక్కరూ లేని చోటికి ఇద్దరు ఆడపిల్లలతో వెళ్ళాలి. పెద్దది సునీతకు ఎనిమిదేళ్ళు, చిన్నది రూతుకు ఐదు.

ఇల్లు ఎలా ఉన్నా సర్దుకుంటాను, వీధి మాత్రం మంచిది కావాలని నేను పట్టుబట్టాను. గనుల కాలనీలో పొద్దు వాలితే చాలు, పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపేసుకునేదాన్ని. వీధి చివర సారాయి అంగడి, రోజూ కొట్లాటలు. ఆ బతుకు చాలనిపించింది. బడి నడిచిపోయేంత దూరంలో ఉండాలి. లారీలు తిరగకూడదు. పక్కింటి పిల్లను కూడా తన పిల్లలాగే తిట్టే ఆడవాళ్ళు ఉండాలి. ఇవీ నా షరతులు.

పిల్లలిద్దర్నీ కోలారులో మా అక్క దగ్గర వదిలి, మేమిద్దరమే ఇల్లు చూడటానికి వచ్చాం. ముందు ఆత్మకూరు చూశాం. అక్కడ బడులు బాగుంటాయని, ఆయన రోజూ బస్సులో ఉదయగిరి వెళ్ళి రావచ్చని మా ఆలోచన.

మొదటి ఇంట్లో ఓనరమ్మ వరండాలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టింది.

"మళ్ళా వచ్చినారా? ఆ దినమే చెప్పినాను గదమ్మా, ఇల్లు ఖాళీగానే ఉండాదని."

నేను పుట్టి బుద్ధెరిగి ఆత్మకూరులో కాలు పెట్టడం అదే మొదటిసారి. ఆ మాటే చెప్పాను. ఆమె నవ్వేసింది. "ఏంది తల్లీ నాతో ఎకసెక్కాలు? నువ్వు, మీ ఆయన, పాప. ముగ్గురూ ఇక్కడే కూర్చోని మజ్జిగ తాగి పోయినారు."

ఎవర్నో చూసి మేమనుకుంటోందని నేనూ నవ్వాను. మాకు ఒక పాప కాదు, ఇద్దరని చెప్పాను. ఆమె మొహం మారిపోయింది. "ఇద్దరా? ముగ్గురమే అంటే సరే అన్నాను. నలుగురికి నీళ్ళు చాలవు, వేరే చోట చూసుకోండి" అని మళ్ళీ చేట అందుకుంది.

నెల్లూరు జిల్లా అంటే మా వాళ్ళకు వరి చేలే గుర్తు. పడమటి పక్క సంగతి వేరని మాకెవరూ చెప్పలేదు. అప్పట్లో ఆ ప్రాంతంలో ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు నీ కులమేది, పనేది అని అడగడానికి ముందు ఎంతమందని అడిగేవాళ్ళు. ఆ రోజు ఇంకో రెండిళ్ళు చూశాం. నలుగురమనగానే రెండుచోట్లా పొమ్మన్నారు.

మర్నాడు ఉదయగిరి వెళ్ళాం. షాపు ఓనరు ఒక అడ్రసు ఇచ్చాడు. కొండ కింద, కోట గోడలు కనపడే చిన్న వీధి. ఆ వీధిలోకి తిరగ్గానే నా ప్రాణం లేచొచ్చింది. ఎనిమిదే ఇళ్ళు. చివర బడి. వీధి మధ్యలో పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. ఒక పిల్ల మోకాలు కొట్టుకుపోతే మూడిళ్ళ ఆడవాళ్ళు బయటికొచ్చారు. ఒకామె తిట్టింది, ఒకామె పసుపు అద్దింది, ఒకామె బెల్లం ముక్క చేతిలో పెట్టింది. ఎవరి పిల్లో నాకు అర్థం కాలేదు. ఇదే నా వీధి అనుకున్నాను.

ఇల్లు గలామె సువార్తమ్మవ్వ. డెబ్బై ఏళ్ళ మనిషి, చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి. మమ్మల్ని చూస్తూనే చాప పరిచి, "సునీత రాలేదామా?" అంది.

ఆ ఊళ్ళో మా పాప పేరు ఎవరికీ తెలియదు. షాపు ఓనరుకు కూడా తెలియదని తర్వాత అడిగి రూఢి చేసుకున్నాను.

ఇంతలో ఎదురింటి మస్తాన్ వచ్చాడు. కొండ కట్టెతో గరిటెలు, స్పూన్లు చెక్కే పని ఆయనది. కాగితంలో చుట్టిన స్పూన్లు నా చేతిలో పెట్టాడు. "మా వీధికి వస్తా ఉండారని నా తరపున చేసినానమ్మా. ముగ్గురే అంటిరి గదా, మూడే చేసినాను" అన్నాడు. సన్నటి నగిషీతో నున్నగా ఉన్నాయి.

"మీరు ముగ్గురే గదమ్మా?" అని అవ్వ కూడా అడిగింది. ఆ ఎనిమిదిళ్ళకూ కలిపి ఒకటే బోరు. తలకు రెండు బిందెల లెక్కన ఆడవాళ్ళంతా కూర్చుని పంచుకున్నారు. ఆ ఇంటి వంతు ముగ్గురికే ఉంది. నాలుగో తల వస్తే తక్కిన వాళ్ళ బిందెల్లోంచి తీయాలి, దానికి వీధి ఒప్పుకోదు.

మనిషన్నవాడు అక్కడ భయపడాలి. మమ్మల్ని పోలినవాళ్ళు ఎవరవ్వా, ఎప్పుడొచ్చారని నిలదీయాలి. నేను బేరం చూసుకున్నాను. బయట ఆ పిల్లల ఆట, ఆ బెల్లం ముక్క, ఆ బడి నా కళ్ళలో ఉన్నాయి.

"అవునవ్వా, ముగ్గురమే" అన్నాను.

ప్రకాశం నా వైపు చూశాడు. బస్టాండుకు వచ్చాక, "అట్లా ఎందుకు చెప్పినావు?" అని మాత్రం అడిగాడు. నాలుగు రోజులు పోతే అవ్వతో నేనే చెప్పుకుంటానన్నాను.

సునీతతో కాపురం పెట్టాం. రూతు అక్క దగ్గరే ఉండిపోయింది. నెల తిరిగేసరికి నాకు అన్నం దిగడం మానేసింది. వెళ్ళి తీసుకొచ్చాను. నిజం చెప్పే ధైర్యం లేక, మా అక్క కూతురు, కొన్నాళ్ళు ఉండి పోవడానికి వచ్చిందని వీధిలో చెప్పాను.

బస్సులోనే రూతుకు నేర్పాను. ఇంట్లో అమ్మా నాయన, బయట పిన్నమ్మ, చిన్నాయన. సునీతకు బాధ లేదు, అక్క కూతురైనా చెల్లే అవుతుంది. రూతు దాన్ని ఆట అనుకుంది. గడప దాటగానే "పిన్నమ్మా" అని పిలిచి, తప్పు పోలేదు కదా అన్నట్టు నా మొహం చూసేది. నేను నవ్వి తల నిమిరేదాన్ని. ఐదేళ్ళ పిల్ల, ఒక్కసారీ తప్పలేదు.

వీధి దాన్ని నెత్తిన పెట్టుకుంది. కోలారు పిల్ల అని పిలిచేవాళ్ళు. అవ్వ చర్చిలో దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకునేది. నేను కోరుకున్నట్టే అందరూ దాన్ని ముద్దు చేశారు, అందరూ తిట్టారు. నిజం చెప్పడం రోజురోజుకూ కష్టమైంది. అంత మంచివాళ్ళకు అబద్ధం చెప్పానని ఏ మొహంతో ఒప్పుకోను?

చుట్టపు పిల్లకు నీళ్ళ వంతు ఉండదు. ఆరు బిందెలు నలుగురికి చాలేవి కావు. కొండ కింద పాడుబడ్డ దిగుడుబావి ఒకటుంది. వాడకానికి అక్కణ్ణుంచి తెచ్చి వేరే కుండలో పోసేదాన్ని. తాగొద్దని పిల్లలకు చెప్పాను. ఎండాకాలంలో ఆడి వచ్చిన పిల్ల కుండ చూసుకుని తాగుతుందా?

ఒక రోజు పొద్దున రూతుకు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. పదయ్యేసరికి కళ్ళు గుంటలు పడ్డాయి. జీపులో ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అవ్వ కూడా వచ్చింది, దారి పొడుగునా దాని కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని ప్రార్థన చేస్తూనే ఉంది. నీళ్ళ వల్ల అని డాక్టరు చూడగానే చెప్పాడు. సెలైన్ పెట్టడానికి నరం దొరకలేదు.

నర్సు చీటీ రాస్తూ తల్లి ఎవరని అడిగింది.

"నేనే" అన్నాను.

రూతు కళ్ళు తెరిచింది. అవ్వ పక్కనే ఉండటం చూసింది. "కాదు, పిన్నమ్మ" అంది.

ఆ తర్వాత అది మాట్లాడలేదు. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

ఉదయగిరికి తెచ్చి వరండాలో పడుకోబెట్టాం. వీధంతా కదిలొచ్చింది. ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. కానీ కన్నతల్లి వచ్చి చూసేదాకా బిడ్డను పూడ్చేది లేదని అవ్వ గట్టిగా చెప్పింది. అందరూ అదే మాటన్నారు.

తల్లిని నేనేనని అప్పుడు అరిచాను. నా కడుపున పుట్టిన బిడ్డేనని నేల కొట్టుకుని చెప్పాను. ప్రకాశం కూడా చెప్పాడు. అవ్వ నన్ను గుండెకు అదుముకుని, "అట్లనే అనిపిస్తాది తల్లీ. సాకిన ప్రాణం గదా. ఆ బిడ్డే పిన్నమ్మ అనె, నా చెవులారా విన్నాను" అంది. తప్పు ఆమెది కాదు.

అక్కకు ఫోను చేయించారు. మర్నాడు బస్సు దిగి వచ్చింది. వీధి ఆడవాళ్ళంతా ఎదురెళ్ళి, పట్టుకుని ఏడుస్తూ తీసుకొచ్చి రూతు తల దగ్గర కూర్చోబెట్టారు. అక్కకు ఏమీ అర్థం కాక నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఇంక చెప్పే ఓపిక నాకు లేదు. పాస్టరుగారు ఆమె తల మీద చెయ్యి పెట్టి, ఈ తల్లిని ఆదరించు ప్రభువా అని ప్రార్థించారు. ఎవరో నన్ను ముందుకు తోసి, "అక్కకు ధైర్యం చెప్పమ్మా" అన్నారు.

నిజం వీధికి తర్వాత తెలిసింది. అక్కే చెప్పింది. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మాకంటే ముందు వచ్చినవాళ్ళెవరో కనుక్కోవాలని ప్రకాశం ఆత్మకూరులో వీధి వీధీ తిరిగాడు. మాలాంటి కుటుంబం ఎక్కడా దిగలేదు. మొదటి ఇంటి ఓనరమ్మ, వచ్చింది నేనేనని బిడ్డల మీద ఒట్టేసింది. మస్తాన్ కూడా అంతే. వాళ్ళెవరికీ అబద్ధమాడే పని లేదు. ఆ ఇంట్లో అబద్ధమాడింది నేనొక్కదాన్నే.

ఉదయగిరి వదిలి వచ్చేసే రోజు అవ్వను అడిగాను. ఆ మొదటిసారి వచ్చిన ఆమె నేను కాదు, ఒట్టు. ఆమె ఇంకేమైనా మాట్లాడిందా అని.

అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వే గదమ్మా వచ్చింది. ఎక్కువ మాట్లాడలేదు. నీళ్ళు ఎట్లా, బడి ఎట్లా అని అందరూ అడిగేటియే అడిగినావు. పోతా పోతా గేటు కాడ నిలబడి, ఈ వీధిలో పిలకాయలు బతికి బట్టకడతారా అవ్వా అన్నావు. ఏంది ఈ బిడ్డ ఇట్లా అడగతా ఉండాది అనుకున్నాను."

వీధి గురించి నేను అడగని ప్రశ్న అదొక్కటే. అడిగి వెళ్ళింది ఎవరో ఇన్నేళ్ళైనా నాకు తెలియదు.