థాంక్స్ అన్న చేతులు

అమెరికాలోని రీనో ఊళ్ళో జూదం ఆడించే కాసినోల్లో పేకలు పంచేవాళ్ళకు జేబులు కనపడకుండా నల్ల ఏప్రన్ కట్టిస్తారు. బల్ల వదిలి వెళ్ళేటప్పుడు ఒకసారి చప్పట్లు చరిచి, అరచేతులు తిప్పి, పైకప్పులోని కెమెరాకు చూపించాలి. నాయనా, నేనేమీ తీసుకోలేదు, అని. అక్కడ పేకలు పంచే వెర్నాకు ఈ అలవాటు ఎంతగా ఒంటబట్టిందంటే ఇంట్లో అంట్లు తోమి సింకు దగ్గర్నుంచి కదిలేటప్పుడు కూడా చప్పట్లు కొట్టేది. మొగుడు బతికున్నన్నాళ్ళూ అది చూసి నవ్వేవాడు.

జీతం పేరుకే. బతుకంతా బ్లాక్‌జాక్ పేకాట ఆడేవాళ్ళు వేసే టిప్పు మీదే. అయినా నోరు తెరిచి అడగకూడదు, అడిగితే ఉద్యోగం ఊడుతుంది. చేతికిస్తే పుచ్చుకోకూడదు, బల్ల మీదే పెట్టాలి. మర్యాద తెలిసినవాడైతే తన పందెం ముందు, అక్కడ డబ్బుకు బదులు చెల్లే బిళ్ళ ఇంకొకటి పెడతాడు. అది పంచే మనిషి పేరున కాసిన పందెం. గెలిస్తే ఆమెకు రెట్టింపు, ఓడితే ఇద్దరికీ గుండుసున్నా. వచ్చిన బిళ్ళను బిళ్ళలుండే పళ్ళెం అంచుకు టకటకా కొట్టి, థాంక్స్ చెప్పి, టిప్పుల పెట్టెలో వేసెయ్యాలి. మర్నాడు పెట్టె తెరిచి అందరూ పంచుకుంటారు. కొందరు పెద్దమనుషులుంటారు, గంటలకొద్దీ ఆడి, దండిగా గెలిచి, లేచేటప్పుడు ఒక నవ్వు పారేసి పోతారు. ఆ నవ్వు పెట్టి పాలు కొనుక్కోవాలి కాబోలు.

ఆర్లో అలాంటివాడు కాదు, ఎముక లేని చెయ్యి. రైల్వేలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు, భార్యతో ముప్పై మైళ్ళ అవతల ఫెర్న్‌లీ అనే ఊళ్ళో ఉంటాడు. ప్రతి ఆటకీ వెర్నా పేరున ఐదు డాలర్ల బిళ్ళ పెట్టేవాడు.

"అమ్మాయ్, నీదీ నాదీ ఒకటే రాత!" అనేవాడు, ఆ అమ్మాయికి యాభై దాటాయని తెలిసి కూడా.

"నా రాత సంగతి మీకెందుకు పెద్దాయనా, ముందు మీది చూసుకోండి," అనేది వెర్నా.

ఆ చలికాలం ఆర్లో మొదట చేతిగడియారం లేకుండా వచ్చాడు. తరవాత పెళ్ళి ఉంగరం లేకుండా వచ్చాడు. పేకలు పంచేవాళ్ళ కళ్ళు ఎప్పుడూ ఎదుటివాళ్ళ చేతుల మీదే ఉంటాయి కాబట్టి వెర్నా చూసింది. ఇక చాలు, ఇంటికెళ్ళండి, అని చెప్పాలనిపించింది. టీ తాగే గదిలో తోటి ఉద్యోగి రెమీతో ఆ మాటే అంది.

"చెప్పి చూడు. నీకు ఉద్వాసన, మాకు పస్తు," అంది రెమీ. "పెట్టెలో సగం ఆయన చలవే అక్కా. మా నోటికాడ కూడు తన్నేస్తావా?"

రెమీ ముగ్గురు పిల్లల్ని ఫిలిప్పీన్స్‌లో తల్లి దగ్గర వదిలి వచ్చిన మనిషి. ఆమెను తప్పు పట్టడానికి లేదు. వెర్నా నోరు మూసుకుంది. ఆ కాసినోవాళ్ళు పేకలు పంచినందుకే కాదు, నోరు మూసుకున్నందుకు కూడా జీతమిచ్చేవారు.

జనవరిలో ఒక సాయంత్రం ఆర్లో టోపీ నిండా మంచుతో వచ్చి, తెచ్చినదంతా ఓడిపోయాడు. ఒక్క ఐదు డాలర్ల బిళ్ళ మిగిలింది. అదీ కాస్తాడేమో అనుకుంది వెర్నా. అతను దాన్ని వేలితో ఆమె వైపు తోశాడు.

"ఇది పందెం కాదు, నీకే. పంచిన మనిషికి ఏమీ పెట్టకుండా లేచిపోతే మర్యాద కాదు."

ఉంచుకోండి, పెట్రోలుకు పనికొస్తుంది, అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ రోజుల్లో ఐదు డాలర్లకు ఫెర్న్‌లీ దాకా పోను పెట్రోలు వచ్చేది. కానీ సూపర్‌వైజర్ వెనకాలే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బిళ్ళను వెనక్కి తోస్తే ఎందుకు తోశావని సవాలక్ష ప్రశ్నలు. టకటకా కొట్టింది, థాంక్స్ అంది, పెట్టెలో వేసింది.

మర్నాడు ఫెర్న్‌లీ దారిలో ఆర్లో ట్రక్కు దొరికింది. పెట్రోలు అయిపోయి, హీటరు ఆగిపోయి, మనిషి లోపలే చలికి కొయ్యబారి ప్రాణం వదిలాడు. వెర్నాకు తన మీద తనకే అసహ్యం పుట్టింది. అయినా పెట్టెలో తన వాటా తీసుకుని ఇంటి అద్దె కట్టింది.

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం, నల్లకోటు వేసుకున్న ముసలావిడ ఖాళీ బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది.

"వెర్నా అంటే నువ్వేనా? నేను ఆర్లో భార్యని, నెల్డాని. నీ గురించి మంచిగా చెప్పేవాడు."

వెర్నా చేతిలోని పేకలు బల్ల మీద పెట్టేసింది.

"ఆయన జేబులో చిల్లిగవ్వ లేదన్నారు పోలీసులు. ఎంత ఓడినా పెట్రోలుకు మాత్రం మిగుల్చుకుంటానని నాకు మాటిచ్చాడు. నిజం చెప్పు తల్లీ, ఎవడైనా దోచుకున్నాడా?"

అవునంటే చాలు. ఆవిడ ఎవడో దొంగవెధవను తిట్టుకుంటూ మిగతా బతుకు వెళ్ళదీస్తుంది, మొగుడు మాత్రం మాట తప్పనివాడుగా మిగిలిపోతాడు. అబద్ధం ఆడదామనే అనుకుంది వెర్నా. ఆ కళ్ళు చూశాక ఆడలేకపోయింది.

"ఎవరూ దోచుకోలేదమ్మా. చివరి ఐదు డాలర్లూ నాకే ఇచ్చారు."

"నీకా? నువ్వేమన్నావు?"

"థాంక్స్ అన్నాను."

"బయట మంచు పడుతోందని తెలుసా నీకు?"

కాసినోలో కిటికీలుండవు. ఆ సాకు చెప్పొచ్చు.

"తెలుసమ్మా. ఆయన టోపీ మీద చూశాను."

నెల్డా ఆకుపచ్చ బల్ల మీద చెయ్యి పెట్టి, ఆయన బిళ్ళ ఎక్కడుండేదో వెతుకుతున్నట్టు నిమిరింది.

అప్పుడే రెమీ వచ్చి వెర్నా భుజం తట్టింది. బల్ల అప్పగించే వేళయింది. వెర్నా ఆపుకుందామనుకునే లోపే ఆమె చేతులు వాటంతటవే చప్పట్లు చరిచి, అరచేతుల్ని పైనున్న కెమెరా వైపు తిప్పాయి.

నెల్డా ఆ ఖాళీ చేతుల వంక చూసింది.

"ఏం చూపిస్తున్నావు నాకు?" అంది.