జడ కోసిన మేష్టారు

మా వర్క్‌షాపు మేష్టారు పోయేరు. మొన్న మంగళవారం పొద్దున్న నేను ఫ్యాక్టరీ టూల్‌రూములో పనిలో ఉండగా గేటు దగ్గర్నుంచి మనిషొచ్చి, "రాయగడ నుంచి ట్రంకాలొచ్చిందండి, మీ బడి మేష్టారు పోయేరట" అన్నాడు. ఏ మేష్టారని నేను అడగలేదు. నాకు మేష్టారంటే ఆయనొక్కరే. మిగిలినవాళ్ళు పాఠాలు చెప్పేరు, అంతే. మిషను కట్టేసి, అది పూర్తిగా ఆగేదాకా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి, అప్పుడు స్టూలు మీద కూలబడి ఏడ్చేను. ఆగేదాకా నిలబడ్డం ఆయన నేర్పిందే.

పోయినవాళ్ళని దేవుళ్ళని చేసెయ్యడం మనవాళ్ళకి అలవాటు. ఆ పని నేను చెయ్యను. ఆయన చండశాసనుడు. కొట్టేవారు. స్టీలు స్కేలుతో పిక్కల మీద, వాత తేలేటట్టు కొట్టేవారు. కోపమొస్తే చేతిలో ఏముంటే అది విసిరేవారు. ఒకసారి ఇనుము అరగదీసే ఆకురాయి నా చెవి పక్కనుంచి వెళ్ళి తలుపుకి గుచ్చుకుంది. పిల్లల్ని కొట్టడం మంచిదని నేనిప్పటికీ అనను. కానీ ఈ నాలుగు ముక్కలూ రాస్తున్న చేతికి అయిదు వేళ్ళూ ఉన్నాయంటే ఆయన వల్లే, అది కూడా అబద్ధం కాదు.

అరవైల చివర్లో రాయగడలో మా హైస్కూల్లో పెద్ద తరగతులకి టెక్నికల్ గ్రూపని పెట్టేరు. లెక్కలూ సైన్సుతో పాటు వారానికి మూడు పూటలు వర్క్‌షాపు. ఇనుము ఆకురాయి పట్టడం, రేకు కత్తిరించడం, కొలిమి పని, ఆఖర్న లేతు. లేతంటే ఇనపకడ్డీని గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కే మిషను. ఆడపిల్లలకి కుట్టుపని అన్నారు గానీ కుట్టుపని టీచరమ్మ ఏడాదైనా రాలేదు. నాకు డ్రాయింగు బాగా వచ్చని హెడ్మాష్టరు నన్ను టెక్నికల్లో కూచోబెట్టేరు. ముప్ఫై మంది మగపిల్లలు, నేనొక్కర్తినీ.

మా నాన్న రైల్వేలో ఫైర్‌మన్. బొగ్గు ఎత్తి ఎత్తి జబ్బలు దుంగల్లా ఉండేవి. యార్డులో బండికింద నలిగిపోయిన మనుషుల్ని చేతుల్తో ఏరి గోనెలో వేసినవాడు. అందుకే ఒక్క షరతు పెట్టేడు. "సూడమ్మీ, సదువుకుంటానంటే కాదన్ను. గాని మిషను దగ్గర నీకేదో అయిందని ఒక్క మాట నా సెవిన పడిందా, ఆ రోజుతో బడి సరి. మళ్ళీ అడగడాల్లేవు." మా నాన్న మాటంటే మాటే. అక్కడితో ఆగిపోయిన చదువు మళ్ళీ మొదలవ్వదని నాకు తెలుసు. మా వీధిలో ఆడపిల్లలందరూ ఏడో తరగతి దాటకుండా ఇళ్ళల్లోనే ఉన్నారు. నాకు ఆ గ్రూపు తప్ప వేరే దారి లేదు.

మొదటి రోజు మేష్టారు మాకు పాఠం చెప్పలేదు. ఓ పాత ఖాకీ చొక్కా చేతిలో అరటిదవ్వ దూర్చి, లేతు తిప్పి, కడ్డీని బిగించి పట్టి తిరిగే చక్కు మీదికి దాన్ని వదిలేరు. ఫట్‌మని పేలింది. చొక్కా పీలికలైపోయింది, దవ్వ ముక్కలొచ్చి మా మొహాలకి కొట్టుకున్నాయి. మేష్టారు నిమ్మళంగా మొహం తుడుచుకుని, "అది మీ సెయ్యి" అన్నారు. "మిషనుకి సుట్టరికం తెల్దు. నేను కొడితే వాత తేల్తాది, అది కొడితే మనిసే తేల్డు. ఎవరితో కొట్టించుకుంటారో మీరే సూసుకోండి."

ఆయన విజయనగరం వైపు రైల్వే వర్క్‌షాపులో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చేరు. అక్కడ తనతో పాటు పనిలో చేరిన సొంత తమ్ముడి చెయ్యి భుజం దాకా మిషను తిప్పే బెల్టులో పోయిందనీ, ఆసుపత్రికి చేరకుండానే ప్రాణం పోయిందనీ ఓసారి చెప్పేరు. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

కోపం లేని వేళ ఆయన వేరే మనిషి. పది గంటలకి సత్తు గిన్నెలో చోడి అంబలి తాగి, గిన్నె కడిగి బోర్లించేవారు. చుట్ట కాల్చాలంటే గడప దాటి వెళ్ళేవారు. మేం ఆకురాయి పట్టిన ముక్క తీసుకెళ్తే కళ్ళు మూసుకుని కుడిచేతి బొటనవేలూ రెండు వేళ్ళూ దాని మీద మెల్లిగా నడిపించేవారు. "ఇక్కడ వెంట్రుకలో సగం లోతుందమ్మీ, మళ్ళీ పట్టు" అనేవారు. కొలిచి చూస్తే నిజంగా ఉండేది. "కొలిసి కోయి. కోసినాక ఏడవకు" అన్నది ఆయన మాటే. వంటింట్లో కూడా నేనదే అనుకుంటాను.

నా విషయంలో ఆయనకి ఒకటే పట్టు, జడ. నాకప్పుడు మోకాళ్ళ దాకా జుట్టు. మొదటి వారమే కొట్పాడు నేత తువ్వాలొకటి, మట్టెరుపుది, నా మొహాన కొట్టి, "జడ సుట్టి దీన్లో కట్టు. కట్టకుండా లేతు దగ్గరికొస్తే కాళ్ళిరగ్గొడతాను" అన్నారు. అది కట్టుకుంటే తట్టలు మోసే కూలిదానిలా ఉన్నానని మగపిల్లలు నవ్వేవారు. నవ్వితే నవ్వేరు, కట్టుకునేదాన్ని.

పదో తరగతిలో ఉండగా ఓ శుక్రవారం. మా అమ్మ పొద్దున్నే నలుగెట్టి తలంటు పోసింది. "తడి జుత్తు బిగించి కట్టేవంటే తలపోటొస్తాది, ఆరనీ" అని వదులుగా జడల్లి పంపింది. మా ఇళ్ళల్లో శుక్రవారం అంతేగా. పరీక్షకి పెట్టాల్సిన ముక్క ఒకటి నాది మిగిలిపోయింది. మధ్యాహ్నం కుర్రాళ్ళందరూ బువ్వకెళ్ళేరు. మేష్టారు పక్క బల్ల దగ్గర అటు తిరిగి రేకు కత్తిరిస్తున్నారు. తువ్వాలు కట్టబోయేను, జుట్టు ఇంకా తడిగానే ఉంది. ఒక్క అయిదు నిమిషాలే కదా, ఏమౌతుందిలే అనుకున్నాను. ఏమౌతుందిలే అనుకున్నదాని నోట్లో మన్ను పొయ్య!

ఉలి ఎక్కడ ఆనిందో చూద్దామని వంగేను. జడ భుజం మీంచి జారింది. దాని కొస కడ్డీకి చుట్టుకుంది. అరవడానికి కూడా టైము లేదు. తల కింద ఎవరో రాక్షసుడు కూచుని లాగినట్టు మొహం చక్కు మీదికి పోయింది. రెండు చేతులూ మిషనుకి ఆనించి ఎదురు తన్నుతున్నాను, మెడ నరాలు పట్‌పట్‌మంటున్నాయి. స్విచ్చి గోడకుంది, కట్టినా ఆ బెల్టు వెంటనే ఆగదు. మేష్టారు స్విచ్చి దగ్గరికి పోలేదు. చేతిలో ఉన్న రేకు కత్తెరతో నా మెడ మీద జడని మొదలంటా ఒక్క కోత కోసేరు. నేను వెనక్కి పడ్డాను. జడ మొత్తం చక్కు చుట్టూ తిరుగుతూ టపటపా బల్లని కొట్టింది.

నన్ను లేవదీసి, తలా మొహం మెడా తడిమి చూసి, నెత్తురు లేదని తెలిసేక చెంప మీద ఛెళ్ళుమని కొట్టేరు. చెవి గింగుర్లెత్తింది. తరవాత ఆయన నేల మీద కూచుండిపోయి రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నారు. "మీ నాన్నకి సెప్పనా?" అన్నారు. "వద్దు మేష్టారూ, బడి మానిపించేస్తాడు" అని ఆయన కాళ్ళు పట్టుకున్నాను.

ఇంటికెళ్తే మా అమ్మ గుండెలు బాదుకుంది. పెళ్ళికాని పిల్లకి మెడ మీద జుట్టు కోసేస్తే ఇంకేమన్నా ఉందా ఆ రోజుల్లో! మా నాన్న డ్యూటీ దిగి వచ్చేడు. "ఎవుడు?" అన్నాడు. "మేష్టారు కోసేరు" అన్నాను. "ఏటికి?" నేను నోరు విప్పలేదు. మిషను అన్న మాట వస్తే నా చదువు సరి. రాకపోతే మేష్టారి గతేమిటో పదిహేనేళ్ళ బుర్రకి తట్టలేదు. తట్టలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. తట్టింది. తట్టినా నోరు విప్పలేదు.

మా నాన్నా, యార్డులో మనుషులు మరో ఇద్దరూ బయల్దేరేరు. వెనకాల నేను పరిగెత్తేను. వర్క్‌షాపులోకి వెళ్తూనే మా నాన్న ఆయన చొక్కా పట్టుకుని గోడకి కొట్టేడు. పళ్ళ నుంచి నెత్తురొచ్చింది. ఆయనదీ చిన్న ఒళ్ళు కాదు, కొలిమి పని చేసిన చేతులు. చెయ్యెత్తలేదు.

"ఆడపిల్ల జుత్తు ఏటికి కోసేవురా? సెప్పు!"

మేష్టారు గుమ్మంలో ఉన్న నన్ను చూసేరు. నేను తల అడ్డంగా ఊపేను. చెప్పొద్దని. అంతే నేను చేసింది. ఒక్కసారి ఊపేను.

"తల కట్టుకోమంటే ఇన్నేదు. పొగరు. కోసీసేను" అన్నారాయన.

ఇద్దరు ఆయన చేతులు విరిచి పట్టుకున్నారు. మా నాన్న కొలిమి పక్కన ఇనపదిమ్మ మీదున్న సుత్తి తీసేడు. "ఈ సెయ్యేనా?" అన్నాడు. కుడిచెయ్యి లాగి దిమ్మ మీద పెట్టి మూడుసార్లు కొట్టేడు. ఆ చప్పుడు ఇనుము మీద ఇనుము చప్పుడు కాదు. మేష్టారు ఒక్కసారే అరిచేరు, ఎద్దు రంకెలాగ. నేను చెవులు మూసుకున్నాను గానీ కళ్ళు మూసుకోలేకపోయేను.

హెడ్మాష్టరు పరిగెత్తుకొచ్చి పోలీసులన్నారు. మేష్టారే వద్దన్నారు. పనిలో సుత్తి జారిందని బడి రిజిస్టర్లో రాయించేరు. పైగా మా నాన్నకి క్షమాపణ చెప్పేరు, నెత్తురు కారుతున్న చెయ్యి గుడ్డలో చుట్టుకుని. "తప్పు నాది బావూ. అమ్మిని మాత్రం బడి మానిపించీకు" అన్నారు. కసి తీరిపోయిందేమో, మా నాన్న ఒప్పుకున్నాడు. ఇప్పుడు మానిపిస్తే ఊరు ఇంకేదో అనుకుంటుందని మా అమ్మా అంది.

మూడు వేళ్ళు మళ్ళీ వంగలేదు. నెలన్నర తరవాత ఆయన ఎడంచేత్తో సుద్దముక్క పట్టుకుని వచ్చేరు. స్కేలు కూడా ఎడంచేత్తోనే ఆడింది, గురి తప్పేది గానీ దెబ్బ తగ్గలేదు. వేళ్ళతో తడిమి చూడ్డం మాత్రం పోయింది. ఎడంచేతికి ఆ విద్య రాలేదు. కుర్రాళ్ళు ముక్క తెస్తే కళ్ళు మూసుకుని తిప్పి తిప్పి, విసుక్కుని, "ఇదిగో అమ్మీ, నువ్వు సూసి సెప్పు" అని నాకిచ్చేవారు. అలా నేను నేర్చుకున్నాను. ఈ రోజు టూల్‌రూములో నా వేళ్ళని అందరూ నమ్ముతారంటే ఎవరి వేళ్ళు పోయి నాకు వచ్చేయో నాకు తెలుసు.

ఐటీఐలో సీటొచ్చి బడి వదిలే రోజున ఆయన కాళ్ళ మీద పడ్డాను. నిజం ఇంట్లో చెప్పేస్తానన్నాను. తిట్టేరు. "నోర్ముయ్. ఏలిరిగితే నాకింకో ఏలుంది. నీకు ఇంకో సీటున్నాదేటి?"

చెప్పలేదు. పదిహేడేళ్ళు చెప్పలేదు. ఉద్యోగం వచ్చింది, చెప్పలేదు. అమ్మ పోయింది, నాన్న నా దగ్గరికి కోరాపుట్ వచ్చేసేడు, అప్పుడూ చెప్పలేదు. మొన్న కబురు విని నేను బయల్దేరుతుంటే నాన్న కూడా చెప్పులేసుకున్నాడు. "నానూ వస్తానమ్మీ. తప్పు సేసినా ఒప్పుకుని దెబ్బ తిన్నాడు. మొగోడు" అన్నాడు.

ఆ మాట నేను భరించలేకపోయేను. దారిలో టికిరి దగ్గర బస్సు టీకి ఆగినప్పుడు చెప్పేసేను. తలంటు, తడి జడ, చక్కు, కత్తెర, నేను గుమ్మంలో తల ఊపడం, అన్నీ. నాన్న చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. టీ నేల మీద పారబోసి బస్సెక్కేడు.

వాళ్ళింటి ముందు చాప మీద పడుకోబెట్టేరు. పాత శిష్యులు చాలామంది వచ్చేరు. ఎవరో ఆయన చేతులు గుండెల మీద జోడించబోతుంటే కుడిచేతి వేళ్ళు పక్కకి నిలబడిపోతున్నాయి. మా నాన్న మనుషుల్ని తోసుకుని వెళ్ళి కింద కూచున్నాడు. ఆ చెయ్యి తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటీ వంచడానికి చూసేడు.

"అవి ఒంగవు బావూ, ఎప్పుడో ఇరిగిపోనాయి. ఒగ్గీ" అంది మేష్టారి భార్య. "ఎవులు నువ్వు?"

"నానే ఇరగ్గొట్టేనమ్మా" అన్నాడు మా నాన్న.

అందరూ వింటుండగా అన్నాడు. జనంలో కదలిక వచ్చింది, ఎవడో కుర్రాడు ముందుకి దూకబోయేడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. మా నాన్న మొహం కేసి చాలాసేపు చూసింది. తరవాత కొంచెం పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చింది. నాన్న ఆ మూడు వేళ్ళూ తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూచున్నాడు. నేను వెళ్ళి ఆయన వెనకాల నిలబడ్డాను, ఈసారి తల ఊపకుండా. మేష్టార్ని తీసుకెళ్ళిపోయేక కూడా నాన్న ఆ ఖాళీ చాప దగ్గరే ఉన్నాడు, రెండు చేతులూ అలాగే, మధ్యలో ఇంకా ఏదో పట్టుకున్నట్టు.